కాన్సాస్ సిటీ అంటే ఏ కాన్సాస్ సిటీ?

ఒకే పేరున్న ఊళ్ళు మనకు కొత్త కాదు. గూడూరు అనే పేరుతో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్ళున్నాయి. నందిగామలూ అంతే. హైదరాబాద్ కూడా ఒక్కటి కాదు, పాకిస్తాన్‌లోని సింధులో ఇంకొకటి ఉంది. మన నాంపల్లి స్టేషన్‌ను రైల్వేవారు నేటికీ 'హైదరాబాద్ దక్కన్' అనే రాస్తారు. అయితే ఈ ఊళ్ళ మధ్య దూరం చాలా ఎక్కువ. టికెట్ తీసుకునేటప్పుడు "ఏ గూడూరు?" అని ఒక్క మాట అడిగితే చిక్కు విడిపోతుంది. అలా కాకుండా రెండు నగరాలు పక్కపక్కనే ఆనుకుని ఉండి, రెండింటికీ ఒకే పేరుంటే పరిస్థితి ఏమిటి? ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది అలాంటి జంట గురించి. అమెరికా దేశం నడిబొడ్డున ఉన్న కాన్సాస్ సిటీ గురించి. కాదు, కాన్సాస్ సిటీల గురించి.

వరంగల్ వైపు వాళ్ళకు ఈ చిక్కు సగం తెలిసిందే. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని ఒకే పేరుకు రెండు తోకలు తగిలించారు. 2021 ఆగస్టులో అర్బన్ కాస్తా హనుమకొండ అయ్యింది, రూరల్ కాస్తా వరంగల్ అయ్యింది. ఈ మధ్యకాలంలో చదువుకున్న మాబోటి వాళ్ళకు మెమో మీద ఒక జిల్లా, కుల ధ్రువీకరణ పత్రం మీద ఒక జిల్లా, ఆధార్ మీద ఇంకో జిల్లా. ఎన్.ఐ.టి. వరంగల్ ఏ జిల్లాలో ఉందని అడిగితే ఇప్పటికీ చాలామంది తడుముకోకుండా వరంగల్ అంటారు. అది ఉన్నది హనుమకొండ జిల్లాలో. అయినా ఎంతైనా అది ఒకే రాష్ట్రం. ఇటు వెళ్ళినా అటు వెళ్ళినా ప్రభుత్వం మారదు, చట్టం మారదు. కాన్సాస్ సిటీల సంగతి అలా కాదు. ఒకటి మిస్సోరీ రాష్ట్రంలో ఉంది, రెండోది కాన్సాస్ రాష్ట్రంలో ఉంది.

భద్రాచలం చూసినవాళ్ళకు ఇంకా సులువుగా అర్థమవుతుంది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆ ఎటపాక పేరు కూడా భద్రాచలమే అయి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇక మ్యాపు సంగతి. పశ్చిమం నుంచి వచ్చే కాన్సాస్ నది మిస్సోరీ అనే పెద్ద నదిలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరే ఈ రెండు నగరాలూ పుట్టాయి. 1821లో మిస్సోరీ రాష్ట్రం ఏర్పడినప్పుడు దాని పడమటి హద్దుగా ఆ సంగమం మీదుగా ఉత్తర దక్షిణాలుగా ఒక నిలువు గీతను నిర్ణయించారు. కొండా వాగూ చూడకుండా స్కేలు పెట్టి గీసిన గీత అది. గీతకు తూర్పున ఉన్నది కాన్సాస్ సిటీ, మిస్సోరీ. పడమర ఉన్నది కాన్సాస్ సిటీ, కాన్సాస్. దక్షిణానికి వెళ్ళేకొద్దీ ఆ గీత వెంబడి ఒక రోడ్డే ఉంది. దాని పేరు స్టేట్ లైన్ రోడ్. అక్కడ మన ఇల్లు ఒక రాష్ట్రంలో, ఎదురింటి వాళ్ళది ఇంకో రాష్ట్రంలో ఉంటుంది.

పేరును బట్టి చూస్తే కాన్సాస్ రాష్ట్రంలో ఉన్నదే అసలు కాన్సాస్ సిటీ అనుకుంటాం. ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, పెద్దదీ పాతదీ మిస్సోరీలో ఉన్నదే. 2020 జనాభా లెక్కల ప్రకారం మిస్సోరీ వైపు నగరంలో 5 లక్షల 8 వేల మంది, కాన్సాస్ వైపు నగరంలో 1 లక్ష 56 వేల మంది ఉన్నారు. ఈ తికమక మనలాంటి దూరపువాళ్ళకే పరిమితం కాదు. 2020 ఫిబ్రవరి 2న కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్‌లో సూపర్ బౌల్ గెలిచింది. అప్పటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ట్విట్టర్‌లో అభినందిస్తూ ఆ జట్టు కాన్సాస్ రాష్ట్రానికి ఎంతో పేరు తెచ్చిందని రాశారు. చీఫ్స్ ఆడే స్టేడియం మిస్సోరీలో ఉంది. కాసేపటికి ఆ మాట తీసేసి మిస్సోరీ అని మార్చారు. దేశాధ్యక్షుడికే తప్పలేదన్నమాట.

మరి కాన్సాస్ పేరు మిస్సోరీ పట్టణానికి ఎందుకు వచ్చింది? ఎందుకంటే ఆ పేరు పెట్టేనాటికి కాన్సాస్ అనే రాష్ట్రమే లేదు. నది మాత్రమే ఉంది. నది ఒడ్డున వెలసిన రేవుకు నది పేరు పెట్టుకున్నారు, మనం గోదావరిఖని అనుకున్నట్టు. 1850లో అది 'టౌన్ ఆఫ్ కాన్సాస్', 1853లో 'సిటీ ఆఫ్ కాన్సాస్'. ఆ మరుసటి ఏడాది, 1854లో గీతకు అవతల కాన్సాస్ టెరిటరీ ఏర్పడింది. 1861లో అది రాష్ట్రమయ్యింది. అంటే రాష్ట్రం కంటే ముందే పక్క రాష్ట్రంలోని ఊరు ఆ పేరు వాడేసుకుంది. 1889లో 'కాన్సాస్ సిటీ' అన్న పేరు ఖాయం చేసుకుంది. ఈలోగా కాన్సాస్ వైపు కూడా 1872లో కాన్సాస్ సిటీ అనే చిన్న పట్టణం వచ్చింది. 1886లో అది పక్కనున్న వయాండాట్, ఆర్మర్‌డేల్ పట్టణాలతో కలిసిపోయింది. మూడింట్లో వయాండాట్ పాతది. న్యాయంగా ఆ పేరే నిలవాలి. కానీ గీతకు అవతలి నగరం అప్పటికే వ్యాపారంలో పేరు మోసింది. ఆ పేరుకున్న పరపతి మనకూ కలిసివస్తుందన్న ఆశతోనే కాన్సాస్ సిటీ అని పెట్టుకున్నారని అంటారు. గిరాకీ ఉన్న హోటల్ పక్కన అదే పేరుతో ఇంకో హోటల్ తెరిచినట్టు!

ఇంతవరకూ వినడానికి తమాషాగానే ఉంది. మేము కూడా మొదట క్విజ్ పోటీకి పనికొస్తుందనే చదవడం మొదలుపెట్టాం. చదివేకొద్దీ తెలిసింది ఏమిటంటే, ఆ గీతకు అటూ ఇటూ ఒకప్పుడు మనిషి విలువే వేరు.

మిస్సోరీ 1821లో బానిసత్వాన్ని అనుమతించే రాష్ట్రంగా అమెరికాలో చేరింది. అక్కడ నల్లజాతి మనిషిని పశువును అమ్మినట్టు అమ్మవచ్చు, కొనవచ్చు, అప్పుకింద జమకట్టవచ్చు. తల్లి ఒక యజమాని దగ్గర, బిడ్డ ఇంకో యజమాని దగ్గర ఉండవచ్చు. ఇదంతా చట్టప్రకారమే. 1854లో గీతకు అవతల కాన్సాస్ టెరిటరీ ఏర్పడినప్పుడు, అక్కడ బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనమే తేల్చుకోవాలన్నారు. జనమే అంటే తెల్లవారే. వెంటనే ఇరుపక్షాల వాళ్ళూ జనాన్ని తరలించారు. 1855 మార్చిలో టెరిటరీ శాసనసభకు ఎన్నిక జరిగితే మిస్సోరీ నుంచి వేలమంది గీత దాటివచ్చి దొంగ ఓట్లు వేసి వెళ్ళారు. తర్వాత కొట్లాటలు, ఇళ్ళు తగలబెట్టడాలు, హత్యలు. ఆ కాలాన్ని చరిత్రకారులు 'రక్తసిక్త కాన్సాస్' అంటారు. దేశమంతటా అంతర్యుద్ధం మొదలైంది 1861లో. ఈ సరిహద్దులో అది అంతకంటే ముందే మొదలైంది.

సంగమానికి కొంచెం ఎగువన, కాన్సాస్ వైపు ఒడ్డున క్విండారో అనే చిన్న రేవు పట్టణం ఉండేది. 1856-57లో బానిసత్వ వ్యతిరేకులూ, వయాండాట్ ఆదివాసులూ కలిసి దాన్ని కట్టారు. ఒక వయాండాట్ స్త్రీ పేరే ఊరికి పెట్టారు. ఎదుటి ఒడ్డు మిస్సోరీ. అక్కడి పొలాల్లోంచి బానిసలు రాత్రిపూట నది దాటి వస్తే క్విండారోలో దాచిపెట్టి ఉత్తరానికి పంపేవారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. నది దాటినంత మాత్రాన వాళ్ళు చట్టప్రకారం స్వతంత్రులు కారు. పారిపోయిన బానిసను దేశంలో ఎక్కడ ఉన్నా పట్టి యజమానికి అప్పగించాలని 1850లోనే చట్టం చేశారు. దాచినవాళ్ళకు కూడా శిక్ష. తెలిసే దాచారు. ఈనాడు ఆ క్విండారో శిథిలాలు కాన్సాస్ సిటీలో ఉన్నాయి. కాన్సాస్ వైపు సిటీలో.

1859లో కాన్సాస్ రాజ్యాంగాన్ని రాసింది కూడా ఇక్కడే, వయాండాట్ పట్టణంలో. ఈ గడ్డ మీద బానిసత్వం ఉండరాదని అందులో రాసుకున్నారు. దాని ప్రకారమే 1861 జనవరి 29న కాన్సాస్ రాష్ట్రమయ్యింది. మిస్సోరీలో బానిసత్వం రద్దయింది 1865 జనవరిలో. మధ్యలో నాలుగేళ్ళు. పేర్లలోని వింత చూడండి. ఆ నాలుగేళ్ళూ 'కాన్సాస్' అని పేరు పెట్టుకున్న నగరం బానిసత్వం ఉన్న వైపు ఉంది. వద్దని రాసుకున్న ఊరికి ఆ పేరు ఇంకా రానేలేదు.

అలాగని కాన్సాస్ వాళ్ళంతా దేవుళ్ళని మేము చెప్పడం లేదు. అదే రాజ్యాంగం నల్లవారికి ఓటు ఇవ్వలేదు. 1879లో దక్షిణాది నుంచి వేలమంది నల్లజాతి పేదలు కాన్సాస్‌లో భూమి దొరుకుతుందన్న ఆశతో పడవల్లో వచ్చి ఈ వయాండాట్ రేవులోనే దిగారు. ఆదుకున్నవాళ్ళు ఉన్నారు, తరిమేయాలని చూసినవాళ్ళూ ఉన్నారు. ఆ రాష్ట్రంలో ఉన్నత పాఠశాలలను రంగును బట్టి వేరుచేయడానికి చట్టం ఒప్పుకునేది కాదు. 1905లో ఒక్క కాన్సాస్ సిటీకి మాత్రం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చి, నల్లపిల్లలకు సమ్నర్ హైస్కూల్ అని వేరే బడి పెట్టారు. వేరుగా కూర్చోబెట్టడానికి పెట్టిన ఆ బడిని టీచర్లూ పిల్లలూ కలిసి ఊళ్ళోకెల్లా మంచి బళ్ళలో ఒకటిగా నిలబెట్టారు. ఇలాంటిది చదివినప్పుడు హాస్టల్లో పెరిగిన మాకు కలిగిన భావం మీకు వివరించనక్కర లేదు.

గతం సరే, ఇప్పుడు ఆ గీతతో పనేమిటి అని అడగవచ్చు. బోలెడు పని ఉంది. మా ఇళ్ళలో అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళే కనుక మేము మొదట చూసింది కూలి రేటు. 2025లో మిస్సోరీ రాష్ట్ర కనీస వేతనం గంటకు 13.75 డాలర్లు. అదే ఏడాది కాన్సాస్‌లో 7.25 డాలర్లు. రోడ్డు దాటితే దాదాపు సగం! అయితే మిస్సోరీ వైపు నగరం తన సొంతంగా సంపాదన మీద 1 శాతం పన్ను వేస్తుంది. నగరంలో కాపురం ఉన్నా కట్టాలి, పక్క రాష్ట్రంలో కాపురం ఉండి నగరంలో పనిచేసినా కట్టాలి. డ్రైవింగ్ లైసెన్సు, పోలీసులు, కోర్టులు అన్నీ వేరువేరు. కంపెనీలకు పన్ను రాయితీలు ఎరవేసి గీతకు అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు లాక్కోవడం ఏళ్ళ తరబడి సాగింది. కంపెనీ అదే, ఉద్యోగులు వాళ్ళే, ఆఫీసు మాత్రం నాలుగు వీధులు మారేది. 2019లో రెండు రాష్ట్రాలూ ఇక చాలనుకుని ఒక ఒప్పందానికి వచ్చాయి.

చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళకు ఇంకో చిక్కు. మన పిల్లలు ఎక్కువగా చేరే యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరీ-కాన్సాస్ సిటీ, పేరులో రెండూ ఉన్నా, మిస్సోరీలో ఉంది. 1963లో మిస్సోరీ ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలో చేరేదాకా దాని పేరు యూనివర్సిటీ ఆఫ్ కాన్సాస్ సిటీ. యూనివర్సిటీ ఆఫ్ కాన్సాస్ అనేది పూర్తిగా వేరు. అది లారెన్స్ అనే ఊళ్ళో ఉంది, దాని మెడికల్ సెంటర్ మాత్రం కాన్సాస్ వైపు కాన్సాస్ సిటీలో, సరిగ్గా సరిహద్దు పక్కన ఉంది. ఇక కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరి పేరు మన్‌హట్టన్. న్యూయార్క్ మన్‌హట్టన్ కాదు! మన హాస్టల్లో ఉండి చదువుకున్న ఒక అన్నకు సీటు వస్తే, కాగితాలు నింపిపెట్టిన కన్సల్టెన్సీ వాళ్ళు చిరునామాలో 'కాన్సాస్ సిటీ, కాన్సాస్' అని కొట్టారు. ఐ-20 మీద మిస్సోరీ ఉంది. విదేశీ విద్యానిధి దరఖాస్తు రెండూ పొసగడం లేదని వెనక్కి వచ్చింది. గడువుకు నాలుగు రోజులుందనగా అన్న హైదరాబాద్ బస్సెక్కి దిద్దించుకు రావలసివచ్చింది. ఇంటివాళ్ళు చెప్పగలిగిన విషయం కాదు కదా, మనకు మనమే చూసుకోవాలి.

గుర్తుపట్టే మార్గం సులభమే. మిస్సోరీ వైపు నగరానికి అడ్రసులో ఎం.ఓ. అని ఉంటుంది, కాన్సాస్ వైపుకు కె.ఎస్. అని ఉంటుంది. అక్కడి పిన్‌కోడ్ అయిదంకెలది. 641తో మొదలైతే మిస్సోరీ సిటీ, 661తో మొదలైతే కాన్సాస్ సిటీ. పాతకాలపు ఫోన్ కోడ్ అటు 816, ఇటు 913. అద్దెకు గది చూసుకునేవాళ్ళు ఫొటోలు చూడబోయే ముందు ఈ అంకెలు చూడటం మంచిది.

మన పత్రికల్లో ఈ ఊరి పేరు ఎక్కువగా వినబడింది రెండు విషాదాల వల్ల. 2017 ఫిబ్రవరి 22న ఒక హైదరాబాద్ ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చిచంపారు. అది జరిగింది ఒలేతా అనే ఊళ్ళో. కాన్సాస్ సిటీ శివారే అయినా ఉన్నది కాన్సాస్ రాష్ట్రంలో. హంతకుడికి 2018లో ఆ రాష్ట్ర కోర్టు జీవితఖైదు విధించింది. 2018 జులై 6న మన వరంగల్ బిడ్డ ఒకరు, పైన చెప్పిన యూనివర్సిటీలో చేరి ఆరేడు నెలలైనా సరిగా కాకముందే, ఒక రెస్టారెంట్‌లో తుపాకీ కాల్పులకు బలయ్యాడు. అది మిస్సోరీ సిటీలో. మన ఊళ్ళో అందరి నోటా రెండూ 'కాన్సాస్‌లో' జరిగినట్టే మిగిలిపోయాయి. పోయిన ప్రాణానికి ఏ రాష్ట్రమైతే ఏమిటి అనవచ్చు. కానీ శవాన్ని తెప్పించుకోవాలన్నా, కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలన్నా, ఎవరికి ఫోన్ చేయాలన్నది ఆ గీతే నిర్ణయిస్తుంది.

ఇంతకీ రెండు నగరాలూ పంచుకున్న ఈ పేరు ఎవరిది? కాన్సా అనే ఆదివాసీ తెగది. వాళ్ళనే కా అని కూడా అంటారు. నదికి ఆ పేరు వాళ్ళ వల్ల వచ్చింది. 1825 ఒప్పందంతో వాళ్ళ భూమి చాలావరకు పోయింది. 1873లో వాళ్ళను పూర్తిగా ఖాళీ చేయించి దక్షిణానికి, ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రానికి పంపించారు. కా జాతి ప్రధాన కార్యాలయం ఈనాటికీ అక్కడే ఉంది. పేరు రెండు నగరాలకూ ఒక రాష్ట్రానికీ మిగిలింది, మనుషులు మూడో రాష్ట్రంలో ఉన్నారు.

ఖాళీ చేయించిన అదే నేలకు 1843లో ఒహాయో నుంచి వయాండాట్లను పంపారు. వచ్చిన కొత్తలోనే రోగాలతో చాలామంది చనిపోతే సంగమం దగ్గరి గుట్ట మీద పాతిపెట్టారు. తర్వాత వాళ్ళనూ కదిలించారు. కొద్దిమంది మాత్రం నిలిచిపోయారు. గుట్ట చుట్టూ నగరం లేచింది. 1906లో ఆ శ్మశానాన్ని అమ్ముకోవడానికి అమెరికా పార్లమెంటు అనుమతి ఇచ్చింది. లైడా కాన్లీ అనే వయాండాట్ యువతి తన తల్లి సమాధి ఉన్న ఆ స్థలంలో అక్కచెల్లెళ్ళతో కలిసి ఒక గుడిసె వేసుకుని, గేటుకు తాళం వేసి, తుపాకులు పట్టుకుని కాపలా కూర్చుంది. ఆమె కాన్సాస్ వైపు సిటీలో ఉంటూ మిస్సోరీ వైపు సిటీకి వెళ్ళి లా చదివి 1902లో పట్టా పుచ్చుకుంది. ఆ లా కాలేజీ ఇప్పుడు మన పిల్లలు చదివే ఆ యూనివర్సిటీలోనే భాగం. 1910లో సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించింది. అక్కడ వాదించిన మొదటి ఆదివాసీ స్త్రీ ఆమెనే అంటారు. కేసు ఓడిపోయింది. గుడిసె మాత్రం వదల్లేదు. చివరకు 1913లో అమ్మకానికి ఇచ్చిన అనుమతిని పార్లమెంటే రద్దు చేసింది. 1946లో ఆమె చనిపోతే అక్కడే సమాధి చేశారు.

ఆ శ్మశానం ఇప్పటికీ ఉంది, ఊరి నడిమధ్యలో, పెద్ద పెద్ద కట్టడాల పక్కన. చదువుకోవడానికి వెళ్ళిన మనవాళ్ళు ఎవరైనా చూడాలనుకుంటే యూనివర్సిటీ నుంచి గీత దాటి, నది దాటి వెళ్ళాలి. అడ్రసు వెతికేటప్పుడు చివర కె.ఎస్. అని కొట్టండి, పిన్‌కోడ్ 66101.